క్యాచర్ ఇన్ ద రై: హోల్డెన్ చెప్పకుండా దాటేసింది ఏమిటి? (స్పాయిలర్లు ఉన్నాయి)

వానలో_నడక:
శాలింజర్ నవల మాట ఎక్కడ వచ్చినా రెండే గొడవలు. ఒకరు హోల్డెన్ సణుగుడు భరించలేం అంటారు. ఇంకొకరు వాడిలో తమ పదహారేళ్ల వయసు కనిపించిందంటారు. మధ్యలో చచ్చిపోయిన తమ్ముడి సంగతి ఎవరికీ పట్టదు. ఈ త్రెడ్ ఆ తమ్ముడి కోసం.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. నవల 1951లో వచ్చింది. కథ చెప్పేటప్పుడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కి పదిహేడేళ్లు, కథ జరిగేటప్పుడు పదహారు. పెన్సీ అనే బోర్డింగ్ స్కూల్ వాళ్లు పంపించేస్తే, ఇంట్లో చెప్పకుండా న్యూయార్క్‌లో తిరుగుతాడు. వాడికంటే రెండేళ్లు చిన్నవాడు అల్లీ. 1946 జులై 18న లుకేమియాతో పోయాడు. ఏ లెక్కయినా గాలిలో కట్టి 'యాభై రెట్లు తెలివైనవాడు' లాంటి మాటలు చెప్పే కుర్రాడు ఈ తేదీని మాత్రం అంకెతో సహా చెబుతాడు.

నా ప్రశ్న ఇది. అల్లీ చనిపోయాడని అయిదో అధ్యాయంలోనే మనకు చెప్పేస్తాడు కదా. మరి ఈ నవలలో ఏదో దాచిపెట్టినట్టు ఎందుకు అనిపిస్తుంది? మొదటి పేజీలోనే మా అమ్మానాన్నల గురించి ఏమీ చెప్పను, సొంత విషయాలు బయటపెడితే వాళ్లు తట్టుకోలేరు, ముఖ్యంగా మా నాన్న అని తేల్చేస్తాడు. నా ఉద్దేశంలో పుస్తకమంతా ఈ నిషేధం కిందే నడుస్తుంది. ఆ ఇంట్లో మాట్లాడకూడని విషయం ఒకటుంది. మాటలో కుదరనిది వస్తువుల్లోకి పోయింది: గ్లవ్‌లోకి, టోపీలోకి, చెరువులోకి.

మీరేమంటారు?

తోకచుక్క:
నేను సణుగుడు పార్టీ. అయినా సరే చదువుతా, కానివ్వండి.

అట్టలేని_పుస్తకం:
వానలో_నడక గారూ, ఇదే నాకు ఒళ్లు మండే విషయం. గ్లవ్ కనిపిస్తే సింబల్, టోపీ కనిపిస్తే సింబల్, బాతు కనిపిస్తే సింబల్. పరీక్ష గైడ్లు చేసిన పాపం ఇదంతా. టోపీ అంటే వ్యక్తిత్వం (2 మార్కులు), మ్యూజియం అంటే ఆగిపోయిన కాలం (2 మార్కులు). గుండె పట్టేయాల్సిన చోట పాయింట్లు రాసుకుంటున్నాం.

ఇంకోటి. దాచాడు, అణచుకున్నాడు అంటున్నారు. ఎక్కడ దాచాడు? తమ్ముడు పోయిన రాత్రి గరాజ్‌లో పడుకున్నానని చెప్పాడు. పిడికిలితో గరాజ్ అద్దాలన్నీ పగలగొట్టానని చెప్పాడు. కారు అద్దాలు కూడా పగలగొట్టబోతే అప్పటికే చెయ్యి విరిగిపోయిందని చెప్పాడు. ఇంతకంటే బాహాటంగా ఎవడు చెబుతాడు?

రెండోసారి:
అట్టలేని గారూ, చెప్పాడు, నిజమే. ఎలాంటి సందర్భంలో చెప్పాడో చూడండి.

రూమ్మేట్ స్ట్రాడ్‌లేటర్ డేట్‌కి వెళ్తూ, నా బదులు ఇంగ్లీష్ వ్యాసం రాసిపెట్టు, ఏదైనా గదినో ఇంటినో వర్ణిస్తే చాలు అంటాడు. హోల్డెన్‌కి గది మీద ఏమీ రాదు. అల్లీ బేస్‌బాల్ గ్లవ్ మీద రాస్తాడు. అది ఎడమచేతి వాటం వాడి గ్లవ్. వేళ్ల మీద, అరచేతి దగ్గర, అంతటా ఆకుపచ్చ సిరాతో కవితలు. మైదానంలో నిలబడ్డప్పుడు, బ్యాటింగ్‌కి ఎవరూ రానప్పుడు చదువుకోవడానికి ఆ పిల్లాడు రాసుకున్నవి. ఆ గ్లవ్ హోల్డెన్ సూట్‌కేస్‌లో ఉంది. స్కూల్ తర్వాత స్కూల్ మారుతున్నా వెంట వస్తోంది.

అంటే తమ్ముడి గురించి రాయడానికి వాడికి దొరికిన ఏకైక దారి ఇంకొకడి పేరు మీద ఇంకొకడి హోంవర్క్. స్ట్రాడ్‌లేటర్ తిరిగొచ్చి, గది గురించి రాయమంటే ఇదేంట్రా అని విసుక్కుంటాడు. హోల్డెన్ కాగితం లాక్కుని ముక్కలు ముక్కలు చేస్తాడు. రాసిన ఒక్కటీ పోయింది. మనం చదివేది ఆ చింపేసిన వ్యాసం మళ్లీ చెబుతున్న రూపం.

అదే చోట జుట్టు సంగతి కూడా వస్తుంది, అది నాకు ఎప్పటికీ మర్చిపోలేని చిన్న ముక్క. హోల్డెన్ గోల్ఫ్ ఆడుతూ బంతి కొట్టబోతాడు. వెనక్కి తిరిగితే అల్లీ కనిపిస్తాడని ఎందుకో అనిపిస్తుంది. తిరిగి చూస్తే నిజంగానే దూరంగా, కంచె అవతల, సైకిల్ మీద కూర్చుని చూస్తున్నాడు. అంత ఎర్రజుట్టు వాడిది అంటాడు.

ఇక హోల్డెన్ టోపీ ఏ రంగు? ఎరుపు. ఈ రెండిటికీ సంబంధం ఉందని వాడు పుస్తకం మొత్తంలో ఒక్కసారి కూడా అనడు. తనకే తెలియదేమో. గైడ్ రాసినవాడు కనిపెట్టిన సింబల్‌కీ, పాత్రకే తెలియకుండా చేతిలో ఉన్న సింబల్‌కీ తేడా ఉంది కదండీ?

సైకాలజీ_సుబ్బు:
పదాల దగ్గర కొంచెం జాగ్రత్త పడదాం, లేకపోతే చర్చ ఎటో పోతుంది.

అణచివేత అంటే, ఫ్రాయిడ్ వాడిన అర్థంలో, జ్ఞాపకం మనిషికి అందకుండా పోవడం. అడిగినా గుర్తుకు రాదు. అల్లీ విషయంలో అది లేదు. హోల్డెన్‌కి అంతా గుర్తుంది. ఇక్కడున్నది తప్పించుకోవడం. గుర్తుంటుంది, దాని దగ్గరికి వెళ్లడు, వెళ్లినా మాట మార్చేస్తాడు. దుఃఖంలో ఉన్నవాళ్లు చాలామంది చేసేదే.

అయితే ఫ్రాయిడ్ 1899లోనే చెప్పిన ఇంకో ఆలోచన ఇక్కడ పనికొస్తుంది: తెర జ్ఞాపకం. ఒక మామూలు జ్ఞాపకం అనవసరమైనంత స్పష్టంగా, రంగులతో సహా గుర్తుండిపోతుంది. దాని వెనక మోయలేనిది ఒకటి ఉంటుంది. సైకిల్ మీద కూర్చున్న తమ్ముడు, ఆకుపచ్చ సిరా, ఇవన్నీ అంత మెరుస్తూ ఉండటానికి కారణం అదేనని నా అనుమానం. అల్లీ జబ్బు పడ్డ రోజుల గురించి ఒక్క దృశ్యం అయినా ఉందా? ఆస్పత్రి? మంచం? ఏమీ లేదు. బతికున్నవాడు ఉన్నాడు, తర్వాత ఒక తేదీ, తర్వాత పగిలిన అద్దాలు.

వానలో_నడక:
సుబ్బు గారూ, తప్పించుకోవడం అన్న మాట నాకూ సరిపోతుంది. కానీ ఒంట్లోకి దిగిన జ్ఞాపకాన్ని ఏమంటారు?

ఆ చెయ్యి చూడండి. అద్దాలు పగలగొట్టిన తర్వాత అది పూర్తిగా బాగుపడలేదు. గట్టిగా పిడికిలి బిగించలేడు, వాన పడితే నొప్పి పుడుతుంది. ఆరో అధ్యాయంలో స్ట్రాడ్‌లేటర్‌ని కొట్టబోతే దెబ్బ సరిగా తగలదు, కారణం ఈ చెయ్యే. పైగా ఇందాక చెప్పాను కదా ఆ దెబ్బ అని మనకు గుర్తు చేస్తాడు. ఇక్కడ అల్లీ పేరు ఎత్తడు. తమ్ముడు పోయిన రాత్రి విరిగిన చెయ్యి, మూడేళ్ల తర్వాత జేన్ (హోల్డెన్ పాత స్నేహితురాలు, ఆ రాత్రి స్ట్రాడ్‌లేటర్ డేట్‌కి తీసుకెళ్లింది ఈమెనే) కోసం కొట్లాడబోతే అడ్డం తిరిగింది. నేను దీన్ని సింబల్ అనను కూడా. ఎముక అంటాను.

అట్టలేని_పుస్తకం:
చెయ్యి సంగతి బాగుంది. ఎముక అన్నారు చూడండి, అక్కడ మీతో నాకు పేచీ లేదు.

తోకచుక్క:
అంతా బానే ఉంది. బాతుల సంగతేంటి? టాక్సీ ఎక్కిన ప్రతిసారీ చలికాలం సెంట్రల్ పార్క్ బాతులు ఎక్కడికెళ్తాయి అని డ్రైవర్‌ని చంపుకు తింటాడు. నేను పుస్తకం పక్కన పడేసింది అక్కడే.

రెండోసారి:
పడేయకుండా ఇరవయ్యో అధ్యాయం దాకా వెళ్లి ఉండాల్సింది :)

ఆ అధ్యాయం ఒక్కటి నెమ్మదిగా చదివితే ఈ త్రెడ్‌కి కావాల్సినదంతా దొరుకుతుంది. బార్‌లో బాగా తాగాడు. వాష్‌బేసిన్‌లో తల ముంచి, తడి జుట్టుతోనే బయటికొచ్చాడు. డిసెంబర్ చలి. బాతులేం చేస్తున్నాయో చూద్దామని పార్కులోకి నడిచాడు. చెల్లెలు ఫీబీ కోసం కొన్న గ్రామఫోన్ రికార్డు చేతిలోంచి జారి ముక్కలైంది. ముక్కలు ఏరి కోటు జేబులో వేసుకున్నాడు. చీకట్లో చెరువు వెతికి పట్టుకున్నాడు, కొంత గడ్డకట్టింది, కొంత కట్టలేదు. చుట్టూ తిరిగాడు. ఒకచోట నీళ్లలో పడబోయాడు. ఒక్క బాతు లేదు.

ఇప్పుడు వాడి బుర్ర ఎటు పోతుందో వరసగా చూడండి. బెంచీ మీద కూర్చుంటే తడి జుట్టులో మంచు ముక్కలు. న్యుమోనియా వచ్చి చస్తానేమో అనుకుంటాడు. తన అంత్యక్రియలకు ఎవరెవరొస్తారో ఊహిస్తాడు. అక్కడ్నుంచి అల్లీ అంత్యక్రియలకు వెళ్లిపోతాడు. నోరు కంపుకొట్టే అత్తయ్య ఒకావిడ, అల్లీ ఎంత ప్రశాంతంగా పడుకున్నాడో అని పదే పదే అందట. 'అందట' ఎందుకంటే ఆ మాట అన్నయ్య డి.బి. చెబితే తెలిసింది. హోల్డెన్ అక్కడ లేడు. చెయ్యి విరగ్గొట్టుకుని ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు.

అంటే అద్దాలు పగలగొట్టినందువల్ల తమ్ముడిని చివరిసారి చూసుకోలేకపోయాడు. అయిదో అధ్యాయంలో అద్దాలు చెప్పాడు, ఇది చెప్పలేదు. పదిహేను అధ్యాయాలు ఆగి, తాగి, వణుకుతూ, లేని బాతుల కోసం వెతికాక ఈ సగం బయటికొచ్చింది. తోకచుక్క గారూ, వాడు టాక్సీ వాళ్లను అడుగుతున్నది బాతుల గురించే. బాతుల దగ్గరికి వెళ్తే ఎవరు గుర్తొస్తారో వాడికి తెలియదు.

తోకచుక్క:
...సరే. మళ్లీ తీస్తా పుస్తకం.

పాత_పేజీలు:
ఆలస్యంగా వస్తున్నాను, త్రెడ్ బాగుంది. కొంచెం వెనకటి చరిత్ర చేరుస్తాను, పనికొస్తే తీసుకోండి.

ఈ కుటుంబాన్ని శాలింజర్ నవలకు ముందే కథల్లో రాస్తూ వచ్చాడు. 1945లో ఎస్క్వైర్ పత్రికలో వచ్చిన ఒక కథలో హోల్డెన్ సైనికుడు, యుద్ధంలో గల్లంతయ్యాడు. అన్నయ్య విన్సెంట్ ఆ మాట నమ్మలేక ఆర్మీ ట్రక్కులో వానలో కూర్చుని మథనపడుతుంటాడు. అంటే మొదట్లో పోయినవాడు హోల్డెన్, మిగిలి ఏడ్చేవాడు అన్నయ్య. నవలకొచ్చేసరికి హోల్డెన్ మిగిలినవాడయ్యాడు, పోయినవాడి స్థానంలోకి పదకొండేళ్ల పిల్లాడు వచ్చాడు.

శాలింజర్ 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికుల్లో ఒకడు. 1945లో యుద్ధం మిగిల్చిన మానసిక అలసటతో న్యూరెంబర్గ్‌లో ఆస్పత్రి పాలయ్యాడు. నవలలో హోల్డెన్ నోట యుద్ధం మాట పెద్దగా రాదు. డి.బి. సైన్యంలో ఉన్నాడని, సెలవు మీద ఇంటికొస్తే మంచం దిగేవాడు కాదని చెబుతాడు. నాకైతే ఆ మంచం దిగని అన్నయ్య దగ్గర రచయిత తన నీడను వదిలి వెళ్లినట్టు అనిపిస్తుంది. చచ్చిపోయినవాళ్ల గురించి సూటిగా రాయలేకపోవడం అన్నది పాత్రది మాత్రమే కాకపోవచ్చు.

అట్టలేని_పుస్తకం:
పాత_పేజీలు గారూ, వివరాలకు థాంక్స్, కానీ రచయిత బతుకుని పాత్ర మెడకు చుట్టొద్దు. ఆ దారిన వెళ్తే హోల్డెన్ బదులు సైనికుడి మెడికల్ రిపోర్ట్ చదువుతున్నట్టుంటుంది.

పుస్తకంలోనే ఇంకా మంచి సరుకుంది. మీరు కథలో వాన అన్నారు కదా, నాకు అదే తట్టింది. ఇరవయ్యో అధ్యాయంలోనే సమాధి ప్రస్తావన కూడా వస్తుంది. అమ్మానాన్నలతో కలిసి రెండుసార్లు అల్లీ సమాధికి వెళ్తే రెండుసార్లూ వాన కురిసింది. సమాధి రాయి మీద వాన, అల్లీ మీది గడ్డి మీద వాన. చూడ్డానికొచ్చిన జనమంతా పరుగెత్తి కార్లలో దూరారు. రేడియో పెట్టుకుని ఎక్కడికో వెళ్లి చక్కగా భోజనం చేయగలరు, అల్లీ తప్ప. హోల్డెన్‌కి అదే భరించలేనిదైపోయింది. వాన పడితే వాళ్లందరికీ వెళ్లే చోటుంది, అల్లీకి లేదు.

ఇప్పుడు ఇరవై అయిదో అధ్యాయం చివర రంగులరాట్నం దగ్గరికి రండి. ఫీబీ గుర్రం ఎక్కి తిరుగుతోంది. ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. తల్లులూ తండ్రులూ అందరూ పరుగెత్తి రాట్నం కప్పు కిందికి దూరారు. హోల్డెన్ బెంచీ మీదే కూర్చున్నాడు. మెడ, ప్యాంటు, అంతా తడిసి ముద్దయ్యాడు. కదల్లేదు. పైగా సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

సమాధి దగ్గర తమ్ముడొక్కడే వానలో ఉండిపోయాడు. ఇక్కడ అన్నయ్య వానలో ఉండిపోయాడు, ఇష్టపడి. అల్లీ పేరు ఆ పేజీలో లేదు. నేను మాత్రం దీన్ని సింబల్ అనను. వాన వానే. వాడికి వాన అంటే అది, అంతే.

వానలో_నడక:
మీరు సింబల్ అననంటూనే ఈ త్రెడ్‌లో అందరికంటే గొప్ప సింబల్ పట్టుకున్నారు. పెట్టుకున్న పేరు 'వానలో నడక' అయినా ఆ రెండు వానలూ కలిపి చదవడం నాకు తట్టలేదు.

ఇంకో చిన్నది. వాన మొదలవకముందు ఫీబీ హోల్డెన్ కోటు జేబులోంచి ఎర్రటోపీ తీసి వాడి తల మీద పెడుతుంది. మొత్తం తడిసినా ఆ టోపీ కాస్త కాపాడిందని వాడే చెబుతాడు. టోపీ ప్రయాణం చూడండి: వాడు న్యూయార్క్‌లో ఒక డాలర్‌కి కొన్నాడు, పాపకిచ్చాడు, నీతో రానివ్వను అంటే పాప కోపంతో తీసి వాడి ముఖాన కొట్టినంత పని చేసింది, చివరికి పాప చేత్తోనే వాడి నెత్తికెక్కింది. ఫీబీ జుట్టు కూడా అల్లీ జుట్టులాగే కొంచెం ఎర్రనిదని వాడే ముందెప్పుడో చెప్పాడు.

మెట్లమీద:
కొత్త సభ్యురాలిని, మొదటి పోస్ట్. ఎవరూ ముట్టుకోని ఒక చోటు గురించి అడుగుతాను. ఆంటొలీని.

హోల్డెన్ రాత్రికి తలదాచుకోవడానికి పాత టీచర్ ఇంటికి వెళ్తాడు. నిద్రలో మెలకువ వస్తే ఆయన చీకట్లో పక్కన కూర్చుని తల నిమురుతుంటాడు. వాడు భయపడి బట్టలేసుకుని పారిపోతాడు. పారిపోతూ ఒక్క వాక్యం వదులుతాడు: చిన్నప్పటి నుంచి ఇలాంటివి తనకు ఓ ఇరవైసార్లు జరిగాయని. అంతే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమీ లేదు. మళ్లీ ఆ మాట ఎత్తడు. తమ్ముడి గురించి ఎన్నో పేజీల్లో ఎంతో కొంత చెప్పినవాడు దీనికి ఒక వాక్యం ఇచ్చి తలుపు మూసేశాడు. మీరు వెతుకుతున్న అసలైన దాపరికం ఇది కాదా?

కాపలా (మోడరేటర్):
సున్నితమైన విషయం. మాట్లాడండి, పాత్ర వరకే ఉండండి. సభ్యుల సొంత జీవితాల గురించి ఊహలు వద్దు.

సైకాలజీ_సుబ్బు:
మెట్లమీద గారూ, స్వాగతం. ఆ వాక్యం నన్నూ ఆపేసింది. రెండు విషయాలు పక్కపక్కన పెట్టాలి. ఒకటి, హోల్డెన్ అంకెలు నమ్మదగినవి కావు, ఇరవై అంటే వాడి నోట చాలాసార్లు అని అర్థం. రెండు, తర్వాతి అధ్యాయంలో వాడే సందేహపడతాడు, ఆయన ఊరికే నిద్రపోతున్నవాళ్ల తల నిమురుతాడేమో, తొందరపడ్డానేమో అని. హోల్డెన్ పాత స్కూల్లో జేమ్స్ కాసిల్ అనే కుర్రాడు కిటికీలోంచి దూకి చనిపోయినప్పుడు శవాన్ని తన కోటులో చుట్టి మోసుకెళ్లినవాడు కూడా ఈ ఆంటొలీనియే. హోల్డెన్‌కి అది మర్చిపోలేని విషయం.

అందుకని ఆ ఇరవై వెనక ఫలానాది జరిగిందని కథ అల్లడం నాకు ఇష్టం లేదు. ఖాళీ ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

మెట్లమీద:
కథ అల్లమని నేనూ అనను. కానీ జేన్ దృశ్యం పక్కన పెట్టి చూడండి. పదకొండో అధ్యాయం. బయట వాన (అట్టలేని గారి జాబితాలో ఇంకొకటి చేర్చుకోండి). వరండాలో జేన్, హోల్డెన్ చెకర్స్ ఆడుతున్నారు. జేన్ సవతి తండ్రి, ఎప్పుడూ తాగి ఉండేవాడు, వచ్చి ఇంట్లో సిగరెట్లున్నాయా అని అడుగుతాడు. ఆ పిల్ల తల ఎత్తదు, జవాబు చెప్పదు. ఆయన వెళ్లిపోయాక ఒక కన్నీటి బొట్టు బోర్డు మీది ఎర్ర గడిలో పడుతుంది. ఆ అమ్మాయి దాన్ని వేలితో బోర్డులోకి రుద్దేస్తుంది. అది ఇప్పటికీ కళ్లకు కడుతోందంటాడు హోల్డెన్. తర్వాత నిన్నేమైనా చేయబోయాడా అని నేరుగా అడుగుతాడు కూడా. లేదంటుంది.

ఆ వయసు కుర్రాడికి ఆ ప్రశ్న వెంటనే ఎలా తట్టింది? వేరేవాళ్ల ఇంట్లో మూసిన తలుపు దగ్గర అంత చురుగ్గా ఉన్నవాడు తన తలుపు దగ్గర ఒక్క వాక్యంతో ఆగాడు. నాకు ఆ రెండిటి మధ్య దూరమే కనిపిస్తుంది. ఇంకా పైన, ఇంటివాళ్లు కాకుండా అల్లీ గ్లవ్ చూసింది ప్రపంచంలో ఈ జేన్ ఒక్కతే. నొప్పి దాచుకోవడం వచ్చినవాళ్లకే అది చూపించాడు.

రెండోసారి:
కొత్త సభ్యురాలంటున్నారు, మొదటి రోజే దుమ్ము దులిపేశారు.

ఎర్ర గడి! నేను ఎర్రజుట్టు, ఎర్రటోపీ దగ్గరే ఆగాను.

అట్టలేని_పుస్తకం:
చెకర్స్ బోర్డులో సగం గడులు ఎర్రగానే ఉంటాయండీ బాబూ. మెల్లగా.

జేన్ విషయంలో మీరన్నది మాత్రం రంగు లేకుండానే నిలబడుతుంది.

నీలిసిరా:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ వస్తువుల గురించి మాట్లాడారు, ఇల్లు మర్చిపోయారు.

తల్లి సంగతి చూడండి. అల్లీ పోయి మూడేళ్లయినా ఇంకా తేరుకోలేదని, సగం రోజులు రాత్రంతా సిగరెట్లు తాగుతూ మేలుకునే ఉంటుందని హోల్డెన్ చెబుతాడు. తండ్రి కార్పొరేట్ లాయర్, నవలలో ఒక్కసారి కూడా మన ముందుకు రాడు. ఈ ఇద్దరూ హోల్డెన్‌తో అల్లీ గురించి మాట్లాడిన ఒక్క సంభాషణ లేదు. పిల్లాడు అద్దాలు పగలగొడితే సైకోఅనలిస్ట్‌కి చూపిద్దామనుకున్నారు, వాడు వాళ్లను తప్పుపట్టలేదు కూడా. పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లెవరూ కనిపించరు.

మా ఇంట్లో ఒక చావు తర్వాత ఆ పేరు ఎవరూ ఎత్తని ఏళ్లు నేను చూశాను. పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఎత్తకూడదని అదే తెలిసిపోతుంది. బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధిని తల్లి గురించిన మాట జీవితమంతా వెంటాడుతుంది, అది ఊరంతా అనే మాట. హోల్డెన్‌ది తలకిందుల కష్టం. ఎవరూ ఏమీ అనరు. అందుకే వాడొక్కడే అనుకోవాలి, అది కూడా గాలితో.

పద్నాలుగో అధ్యాయంలో హోటల్ గదిలో ఒంటరిగా అల్లీతో పైకే మాట్లాడతాడు. సరే, ఇంటికెళ్లి సైకిల్ తెచ్చుకో, బాబీ ఫాలన్ ఇంటి ముందు కలువు అని. ఎందుకంటే ఒకప్పుడు గాలి తుపాకులు పట్టుకుని వెళ్తూ నువ్వు చిన్నపిల్లాడివి అని అల్లీని వెంట తీసుకెళ్లలేదు. అల్లీ ఏమీ అనుకోలేదు. వీడు మర్చిపోలేదు. మనసు బాగా కుంగినప్పుడల్లా ఆ రోజుని మళ్లీ నడిపించి, ఈసారి రమ్మంటాడు. గ్లవ్ కంటే నాకు ఈ సైకిల్ బరువనిపిస్తుంది. ఈ పుస్తకంలో వాడు అల్లీకి చేసిన తప్పు చిన్నదైనా నేరుగా బయటపెట్టుకున్న చోటు ఇది.

వానలో_నడక:
సైకిల్! గోల్ఫ్ కంచె అవతల కూడా సైకిల్ మీదే ఉన్నాడు కదా.

నీలిసిరా:
అవును. ఫీబీ సంగతి కూడా చెప్పి ముగిస్తా. నీకు నచ్చింది ఒక్కటి చెప్పు అని ఫీబీ నిలదీస్తే వాడి మనసులోకి ముందు వచ్చేది ఇద్దరు నన్స్, ఆ తర్వాత జేమ్స్ కాసిల్. హోల్డెన్ ఇచ్చిన స్వెటర్ వేసుకుని దూకి చనిపోయిన కుర్రాడు. అది బయటికి అనడు. నాకు అల్లీ నచ్చుతాడు అంటాడు. అల్లీ చచ్చిపోయాడు, నువ్వెప్పుడూ ఇదే అంటావు అంటుంది ఫీబీ. ఆ ఇంట్లో 'అల్లీ' అన్న పేరు, 'చచ్చిపోయాడు' అన్న మాట కలిపి పైకి అనగలిగింది పదేళ్ల పాప. నువ్వెప్పుడూ అంటావు అనడాన్ని బట్టి, వాళ్లిద్దరూ అంతకుముందు కూడా మాట్లాడుకున్నారన్నమాట. పెద్దవాళ్లు లేనప్పుడు.

తోకచుక్క:
పుస్తకం తీశా. మొదటి పేజీ. అమ్మానాన్నల గురించి చెప్పను అన్న ముక్క ఇప్పుడు వేరేలా వినిపిస్తోంది. సణుగుడు పార్టీకి రాజీనామా ఇంకా ఇవ్వలేదు, సెలవు పెట్టా.

పాత_పేజీలు:
చివరి అధ్యాయం ఎవరూ ముట్టుకోలేదు. ఇరవై ఆరు, ఒక పేజీ ఉంటుందేమో. ఆస్పత్రిలాంటి చోట ఉన్నాడు, సైకోఅనలిస్ట్ ఏవో అడుగుతుంటాడు. డి.బి. వచ్చి, ఇదంతా జరిగింది కదా, ఇప్పుడేమనుకుంటున్నావు అని అడుగుతాడు. ఏమనుకోవాలో తెలియదంటాడు. ఇంతమందికి చెప్పకుండా ఉండాల్సింది, ఎవరెవరి గురించి చెప్పానో వాళ్లందరి మీదా బెంగగా ఉంది అంటాడు. పేర్లు కూడా ఇస్తాడు: స్ట్రాడ్‌లేటర్, ఆక్లీ, చివరికి తనని కొట్టిన మారిస్. ఆ పేర్లలో అల్లీ లేడు.

ఎవరి మీదైతే అన్నిటికంటే బెంగ ఉందో ఆ పేరు అక్కడ పడలేదు. ఇక్కడ కూడా వాడు తప్పించుకున్నాడనే నేనంటాను.

అట్టలేని_పుస్తకం:
నేను అలా చదవను. ఎవరెవరి గురించి చెప్పానో వాళ్లందరి మీదా అన్నాడు కదా, అందరిలో అల్లీ ఉన్నాడు. మారిస్‌లాంటి వెధవ మీద కూడా బెంగపడుతున్నాను అనడమే అక్కడి విచిత్రం, అందుకే ఆ పేర్లు. అల్లీ మీద బెంగ ఉందని విడిగా చెప్పాల్సిన అవసరమేంటి?

పాత_పేజీలు:
విడిగా చెప్పాల్సిన అవసరం లేకపోవడమే ఆ ఇంటి పద్ధతి కదండీ.

సైకాలజీ_సుబ్బు:
నేను మధ్యలో. చెప్పడం మొదలుపెడితే బెంగ మొదలవుతుందని వాడు గమనించాడు. వాడి పరిస్థితిలో ఉన్నవాడికి అది పెద్ద అడుగు. ఇంకా బయటపడలేదు, కానీ ఇరవై ఆరు అధ్యాయాలు నోరు విప్పాడు. అమ్మానాన్నలు ఒప్పుకోని పని.

మెట్లమీద:
ఎవరికి విప్పాడు? మనకా, ఆ డాక్టర్‌కా, డి.బి.కా? మొదటి పేజీలో 'మీరు' అని పిలుస్తున్నదెవరిని? నాకు అది తేలలేదు. డాక్టర్ అయితే ఆంటొలీని దగ్గర ఒక్క వాక్యంతో ఆపడానికి కారణం వేరు, మనమైతే కారణం వేరు.

కాపలా (మోడరేటర్):
ఈ ప్రశ్నకు వేరే త్రెడ్ తెరిచాను: 'హోల్డెన్ ఎవరితో మాట్లాడుతున్నాడు?' ఆంటొలీని గొడవ కూడా అక్కడికే మారుస్తున్నా. ఈ త్రెడ్ అల్లీకే ఉంచుదాం. తోకచుక్క గారు ఇరవయ్యో అధ్యాయం దాకా వచ్చాక ఇక్కడ రిపోర్ట్ ఇవ్వాలి.

తోకచుక్క:
మూడో అధ్యాయంలో ఉన్నా. టోపీ ఇప్పుడే కొన్నాడు.